డాక్టరు దగ్గర నేను అడగని మాట

కామారెడ్డిల మూత్రం రోగాల డాక్టరును, ఎల్లారెడ్డిల నా భార్యను, ఇద్దరినీ ఒకే ఏడాదిల మోసం చేసిన మొనగాణ్ని నేను. డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఆయనకు చెప్పకుండ బందు పెట్టిన. వాటి జాగల జుక్కల్ దిక్కు నుంచి ఒక లేహ్యం తెచ్చి, భార్యకు తెల్వకుండ పట్టుచీరల డబ్బాల ఎనుక దాచి, పొద్దున ఒక చెంచా, మాపున ఒక చెంచా నాకిన. అది కూడ చెప్పిన ధరకు కొనలేదు. అమ్మెటోడు ఒక డబ్బా ధర చెప్తే, మూడు డబ్బాలు తీసుకుంట అని సగానికి గుంజిన. అంటే, అండ్ల ఏమున్నదో తెల్వని మందు ఒక్క డబ్బాతోని పోయేది. నా తెలివితోని రెండున్నర డబ్బాలు తిన్న. మా బజార్ల ఇంత పెద్ద బేరం చేసినోడు ఇంకొకడు లేడు.

ఇప్పుడు నవ్వొస్తున్నది కాబట్టి రాస్తున్న. నవ్వు రాని రోజులల్ల రాద్దామంటే చెయ్యి ఆడలేదు. నా ఈడు మగవాళ్లు ఇది చదివి నన్ను చూసి నవ్వుకుంటే నాకేం ఫికర్ లేదు. నవ్వినంక మీరు పోయి డాక్టరును నోరు తెరిచి అడిగితే చాలు.

మాది బట్టల దుకాణం. ముందు దుకాణం, ఎనుక ఇల్లు, పైన కొడుకు, కోడలు. నేను గద్దె మీద పెరిగినోణ్ని. మా బాపు నాకు నేర్పిన విద్యలు రెండు. ఒకటి, బేరం తెగకముందే లేచినోడు ఓడిపోయినట్టు. రెండోది, నువ్వు ఏదన్న కొనబోతే, నీకు కావాల్సినదాని ధర ముందుగాల అడగొద్దు. దాని పక్కన ఉన్నదాని ధర అడుగు. అన్నీ అయినంక, లేచి చెప్పులు ఏసుకుంట, ఏదో యాదికొచ్చినట్టు "మరి గిదెంత" అను. నీ కన్ను ఎక్కడున్నదో అవతలోనికి తెలిసిందా, నీ పని అయిపోయినట్టే. ఈ రెండు విద్యలతోని నేను పిల్లల పెండ్లిళ్లు చేసిన, ఇల్లు కట్టిన. ముసలితనంల ఈ రెండే నన్ను ముంచినయి.

పోయిన ఏడు, దసరా గిరాకీ

మొదటి విద్య ముందు పోయింది. బతుకమ్మ చీరల గిరాకీ అంటే మాకు ఏడాది తిండి. ఆడోళ్లు గుంపుగ వచ్చి పరుపు మీద కూసోని తీరుబాటుగ చీరలు ఇప్పిస్తరు. నేను వాళ్లకంటె తీరుబాటుగ కూసుంటుంటి. ఒక్క చీర మీద పూట గడిచినా కదలకపోతుంటి. అటువంటి నాకు, ధర మాట మొదలైందో లేదో, పొత్తికడుపుల బరువు మొదలైతుండె. పోయి నిలబడితే దారం లెక్క సన్నగ వచ్చి ఆగుతది. వచ్చి కూసుంటే మళ్ల పిలుస్తది. నేను పోయొచ్చెలోపు గిరాకి లేచి పక్క దుకాణానికి పోతదేమో అని, అడిగిన ధరకు ఇచ్చేసి లేస్తుంటి.

ఇది ముందు కనిపెట్టింది బీడీలు చుట్టె లక్ష్మవ్వ. ఎన్నో ఏండ్ల గిరాకి. పక్కనున్న ఆమెతోని గుసగుసగ చెప్తున్నది, అదీ నాకు వినవడేటంత గుసగుస.

"తొందరపడకే. సేటు కాలు మీద కాలేసిండు. జరసేపు ఆగు, మోకాలు ఊపుతడు. అప్పుడడుగు."

నిజంగనే ఊపిన. నిజంగనే ఇచ్చిన. ఆ దసరాకు మా బజార్ల చీర అంచు చూసి కాదు, నా మోకాలు చూసి ధర కట్టిన్రు.

దుకాణంల పోయింది లాభమే. ఇంట్ల పోయింది వేరే.

నా భార్య పేరు సువర్ణ. బాన్సువాడ బిడ్డ. వాళ్లది కిరాణం. మా బట్టలోళ్లకు, కిరాణమోళ్లకు ఒక ఫరక్ ఉంటది. కిరాణంల బేరం ఉండదు. పావుకిలో పప్పు ఎంత అంటే ఎంత, అంతే. ఆమె మాట కూడ గట్లనే ఉంటది. అడగాల్సింది అడుగుతది, చెప్పాల్సింది చెప్తది. పెండ్లైన కొత్తల నాకది మొరటుతనం అనిపిస్తుండె.

రోజు దుకాణం కట్టేసి, అన్నం తిని, లైటు ఆర్పినంక మాకు ఒక అలవాటు ఉండె. ఆ పొద్దు వచ్చిన గిరాకీలను ఆమె యాక్టింగు చేసి చూపెడుతుండె. "గీ రంగు నాకు నప్పుతదా సేటూ" అని ఒకామె గొంతు, "మీ ఇంటి ముందట్నే పోతం గద, జర తగ్గియ్యి" అని ఇంకొకామె గొంతు. నేను నవ్వుతుంటే ఆమె రెండు పాదాలు తెచ్చి నా పిక్కల మీద పెడుతుండె. చలికాలంల ఆమె పాదాలు మంచుగడ్డలు. నేను "అబ్బా" అని అరిచేది, ఆమె ఇంకింత గట్టిగ అదిమేది. దగ్గరితనం అంటే మాకు అక్కడ్నే మొదలయ్యేది. మిగతాది కూడ అరవై దాటినా బందు కాలేదు. తగ్గింది, నిజమే. పండుగలకొచ్చె చుట్టం లెక్క అయింది. కానీ చుట్టం వచ్చిన రోజు ఇల్లు ఎంత కళగుంటదో మీకు తెలుసు గద.

మూత్రం బాధ మొదలైనంక నేను పడుకునుడు కంటె లేచుడు ఎక్కువైంది. నేను లేచినప్పుడల్ల ఆమెకు మెలకువ. ఒకనాడు రాత్రి లుంగీ తడిసింది. అది ఆమె చూడకముందే ఉతికి ఆరేసిన. తెల్లారి నా పరుపు చుట్టి, దుకాణం ఎనుక గదిల, గుడ్డ తానుల పక్కన ఏసుకున్న.

"ఏందయ్యా, గక్కడ పండుకునుడేంది?" అని అడిగింది.

"నీ నిద్ర ఖరాబు అయితున్నది గద."

"నా నిద్ర సంగతి నేనడిగిన్నా?"

"దసరా సరుకు మస్తుగున్నది. దొంగల భయం."

సూటిగ అడిగెటామె, ఆ ఒక్కటి మళ్ల అడగలేదు. నేనది నా గెలుపు అనుకున్న.

చలికాలం

కొడుకు పోరు పెడితే కామారెడ్డి పోయిన. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సుల కూసుంటే ఏ మలుపు కాడ ఏ పొద ఉన్నదో నాకు నోటికొచ్చు. డ్రైవరు కూడ నన్ను గుర్తుపట్టిండు.

దవాఖానల పొద్దుగాలనే పోయి మొదటి నంబరు రాయించుకున్న. దానికొక కారణం ఉన్నది. మా దుకాణాలల్ల పొద్దున వచ్చిన మొదటి గిరాకిని ఉత్త చేతులతోని పంపరు. బోణీ బేరం పోవద్దని ధర తగ్గించన్న ఇస్తరు. డాక్టరు కూడ గట్లనే ఇస్తడనుకున్న. డాక్టరు నా కొడుకు ఈడోడు, నెమ్మది మనిషి.

"రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తున్నారు?" అని అడిగిండు.

"ఎన్నిసార్లయితే మంచిదంటరు సార్ మీరు?"

ఆయన కలం ఆపి నన్ను చూసిండు. పరీక్షలన్నీ అయినంక చెప్పిండు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కుతున్నది. వయసు మీద పడ్డ మగవాళ్లల్ల ఇది మామూలే. రెండు రకాల మాత్రలు వాడాలె. తగ్గకపోతే ఆపరేషన్.

"రెండెందుకు సార్? ఒక్కదాంతోని కానియ్యున్రి. పొద్దుగాల బోణీ నాతోనే."

నవ్విండు గని తగ్గించలేదు. "ఇంకేమైనా అడగాలా?" అన్నడు.

అడగాల్సింది నాలుక మీదనే ఉండె. గోడకు అటు పక్కన సువర్ణ, ఇటు పక్కన నేను. ఈ రోగం, ఈ మాత్రలు, ఈ ఆపరేషన్, ఇవన్నీ కలిసి ఆ గోడను పర్మినెంటు చేస్తయా? అదీ నేను అడగాల్సింది. కానీ బాపు విద్య అడ్డమొచ్చింది. కావాల్సినదాని పక్కనున్నవి అడిగిన. మామిడి తొక్కు తినొచ్చునా అన్న. స్కూటరు నడపొచ్చునా అన్న. గద్దె మీద బాసింపట్టు ఏసుకోని కూసుండొచ్చునా అన్న. అన్నిటికీ ఓపికగ జవాబు చెప్పిండు. ఆఖరుకు లేచి, తలుపు పిడి పట్టుకోని, ఏదో యాదికొచ్చినట్టు ముఖం పెట్టి ఎనుకకు తిరిగిన. "మరి గిది" అనేలోపు తలుపు నెట్టుకోని రెండో నంబరాయన లోపలికొచ్చిండు. డాక్టరు కండ్లు ఆయన మీదికి పోయినయి.

బయటికొచ్చి బస్సెక్కిన. బేరం ఏమో తెగింది. సరుకే ఇంటికి రాలేదు.

మాత్రలు మంచిగనే పనిచేసినయి, అబద్ధమాడొద్దు. కొన్ని వారాలల్ల ధార నయమైంది. లక్ష్మవ్వ నా మోకాలు చూసి చూసి యాష్టపడి చెప్పిన ధరకే కొన్నది. కానీ నాకు లోపల ఏదో చల్లారింది. కోరిక అనేది ఒకటుండేదన్న సంగతి యాది చేసుకోని తెలుసుకోవాల్సి వస్తుండె. ఒకనాడు ధైర్యం చేసి పరుపు చుట్టుకోని ఇంట్లకు పోయిన. సువర్ణ జరిగి జాగ ఇచ్చింది. నా వల్ల కాలేదు. ఆమె చాలాసేపు కప్పు దిక్కు చూసి అటు తిరిగి పండుకున్నది. ఆ వీపును చూసి, ఆమెకు నా మీద అసహ్యం పుట్టిందనుకున్న. తెల్లారి మళ్ల గుడ్డ తానుల దగ్గరికి పోయిన.

ఆ వీపుకు అటు దిక్కు ఏమున్నదో తెల్వనీకి నాకు ఇంకా చాలా కాలం పట్టింది.

పెండ్లిళ్ల సీజను

మాత్రలు మొదలైనంకనే ఇట్లయింది, మాత్రలు ఆపితే సరి. ఇది నా వైద్యం. డాక్టరుకు ఒక్క ఫోను కొట్టి అడగొచ్చు. అడిగితే ఆయనకు తెలిసిపోతది, నా కన్ను ఎక్కడున్నదో.

ఒక పెండ్లి ఆర్డరు చీరలు ఇచ్చెటందుకు జుక్కల్ పోయిన. అంగడిల ఒకాయన గొడుగు కింద డబ్బాలు, వేర్లు, నూనెలు పరుచుకోని కూసున్నడు. వచ్చినోన్ని చూసి తెలుగుల, మరాఠిల, కన్నడల మాట మారుస్తున్నడు. నేను పోయి తల నూనె ధర అడిగిన. ఆయన నూనె సీసాను ముట్టనే లేదు. లేహ్యం డబ్బా తీసి నా చేతుల పెట్టిండు.

"మీకు గావాల్సింది గిదీ సేట్."

నా బట్టతల చూసి చెప్పిండో, నా కండ్లు చూసి చెప్పిండో. అమ్మెటోని ప్రతి మాయ నాకు తెలుసు. అవన్నీ నేను చేసెటియే. చివరి డబ్బాలంటడు, నేను లేస్తే పిలుస్తడు, మీకు కాబట్టి ఇస్తున్ననంటడు. అన్నీ అన్నడు. అన్నీ తెలిసి కూడ కొన్న. ఎందుకంటె, అన్ని నెలలల్ల నాకు కావాల్సింది ఇదీ అని నా ముఖం మీద చెప్పినోడు ఆయనొక్కడే.

వానలు

లేహ్యంతోని ఏం కాలేదు. మాత్రలు ఆపినందుకు ధార మళ్ల దారమైంది. అయినా ఆశ చావలేదు, డబ్బా ఇంకా మిగిలున్నది గద.

వానలు గట్టిగ పడి నిజాంసాగర్ గేట్లు ఎత్తిన్రని తెలిసింది. సువర్ణ గల్లా కాడికొచ్చి, "పోదమా?" అన్నది. పెండ్లైన కొత్తల స్కూటరు మీద పోయినం అక్కడికి. నీటి తుంపర్లకు ఆమె చీర తడిసి, నా అంగీ ఆమె కప్పుకున్నది. అది నాకు యాదికున్నదని ఆమెకు తెల్వది. ఆమెకు యాదికున్నదని నాకు ఆ "పోదమా" తోనే తెలిసింది.

తుమ్ములు వస్తున్నయని మెడికల్ షాపుల సర్ది గోలీ అడిగి ఏసుకున్న. ఖదీర్ ఆటో మాట్లాడుకోని పోయినం. అక్కడ జనం జాతర లెక్క ఉన్నరు. మంజీర నది గేట్ల కింది నుంచి తెల్లగ దుంకుతున్నది. సువర్ణ కాల్చిన మక్కకంకి తినుకుంట, పక్కన ఫోటోలు దిగుతున్న కొత్త జంటను చూసి, ఆ పిల్ల గొంతుతోని "గిట్ల నిలవడు, గట్ల కాదు, పొట్ట లోపలికి గుంజు" అని నాకు యాక్టింగు చేసి చూపెట్టింది. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని. నవ్వుకుంట నవ్వుకుంట వచ్చి నా జబ్బ పట్టుకున్నది. పట్టుకోని ఇడవలేదు.

నాకు అప్పటికే మూత్రం వస్తున్నది. పోవాలంటే ఆ చెయ్యి ఇడిపించుకోవాలె. ఇడిపించుకోలేదు. ఇంక కొద్దిసేపు, ఇంక కొద్దిసేపు అని బిగవట్టిన. బేరంల ఎంతసేపన్న కూసుండెటోణ్ని, భార్య చెయ్యి కోసం ఆ మాత్రం ఆగలేనా అనుకున్న.

ఆఖరుకు గోడ చాటుకు పోయి నిలబడ్డ. చుక్క రాలేదు. ముక్కిన, వంగిన, దేవునికి మొక్కిన. చుక్క రాలేదు. ఒక దిక్కు అన్ని గేట్లు ఎత్తి మంజీర మొత్తం హోరుమని పోతున్నది, ఇంకో దిక్కు నేను. కడుపు రాయి లెక్క అయింది. చెమటలు కారుకుంట వచ్చి సువర్ణతోని "పోదం పా" అన్న. ఆమె నా ముఖం చూసి కంకి కింద పడేసింది.

ఆటోల ఒక్కొక్క గుంతకు నేను అరుస్తున్న. ఖదీర్ ఎనుకకు తిరగకుండనే "అయిపోయింది సేట్ సాబ్, గదిగో ఎల్లారెడ్డి, గదిగో" అని ఊరు ఇంకా కనబడక ముందు నుంచే చెప్తున్నడు. దవాఖానల సిస్టరు పైపు ఏసింది. సంచి నిండుకుంట పోతుంటే నేను ఏడ్చిన. నొప్పికి కాదు, నొప్పి పోయినందుకు. ఆమె నా భుజం తట్టి, "సిగ్గుపడకు పెద్దాయనా, నీ అసోంటోళ్లు మస్తుమంది వస్తరు. అందరు ఇట్లనే ఆఖరికి వస్తరు" అన్నది. ఆటో కిరాయి ఇయ్యబోతే ఖదీర్ తీసుకోలేదు. "తబియత్ మంచిగైనంక బేరం చేద్దం సేట్" అన్నడు.

సంచి రోజులు

మాత్రలు ఆపుడు, సర్ది గోలీ, బిగవట్టుడు, మూడు కలిసి దారి మూసినయని, గ్రంథి వాపు తగ్గినంక ఆపరేషన్ చేద్దామని అన్నడు కామారెడ్డి డాక్టరు. అప్పటిదాక పైపు, దానికి సంచి. కొడుకు నా సంచి ఖాళీ చేసుకుంట ఒక్కటే మాట అన్నడు, "మాత్రలు ఆపిన అని ముందుగాల్నే చెప్తే గింతదాక వచ్చునా బాపూ." కోపంగ అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

దుకాణంల నా జాగల సువర్ణ కూసున్నది. ఒక పొద్దుమీకి ఇంట్లకు వచ్చి, చెంగు కింది నుంచి మూడు డబ్బాలు తీసి మంచం మీద పెట్టింది. పట్టుచీరల ఎనుక దొరికినయట. రెండు ఖాళీవి, ఒకటి సగం.

"గివేంది?"

నేను పక్కనున్నదాన్ని ఏదో చెప్పబోయిన. కీళ్ల నొప్పులకు అన్న.

ఆమె డబ్బా మీద ఉన్న మీసాల మొగోని బొమ్మ నాకు చూపెట్టింది. "గీయనకు కీళ్ల నొప్పులున్నయా?"

నవ్వొచ్చింది. ఆమెకు కూడ వచ్చింది. నవ్వుకుంటనే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నేనేమనుకున్ననో ఎరుకనా నీకు? నేను ముసల్దాన్నైన, నా పక్కన పండుకోబుద్ధి అయితలేదు గీయనకు, అందుకే దొంగల భయం అంటున్నడు అనుకున్న. ఆనాడు నువ్వొచ్చి పోయినంక కూడ, నన్ను చూసే గట్లయిందనుకున్న. అద్దంల చూసుకునుడే బందు పెట్టిన నేను."

మేమిద్దరం ఒకే ఇంట్ల, ఒకే దానికోసం మనాదితోని కుములుకుంట, ఎవ్వరికి వాళ్లం తప్పు నాదే అనుకున్నం. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. పైపు గుంజింది. "మెల్లగ" అన్నది. ఆ ఒక్క మాట విని ఎన్ని దినాలైందో.

ఆపరేషన్ ముందు కామారెడ్డి దవాఖానల పిలుపు కోసం కూసున్నం. మా ఎదురుంగ మాచారెడ్డి నుంచి వచ్చిన ముసలి జంట. ఆయనకు కూడ పైపున్నది. సంచిని ఒక బట్ట సంచిల పెట్టి భుజానికి ఏసుకున్నడు. ఆ బట్ట సంచి మీద మా దుకాణం పేరున్నది.

"సంచి మంచిగున్నదే" అన్న నేను, ఏం తెల్వనట్టు.

"ఎల్లారెడ్డిల ఇచ్చిండు ఒక సేటు, మా మనవరాలి పెండ్లికి చీరలు తీసుకుంటే. ఒట్టి పిసినారోడు, రూపాయి తగ్గలేదు. సంచి మాత్రం గట్టిది."

సువర్ణ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఆయన భార్య బత్తాయి ఒలిచి తొనలు గింజలు తీసి ఆయన చేతుల పెడుతున్నది, మధ్యల ఆయన అంగీ కాలరు సరిచేస్తున్నది. ఆయనకు ఆ సోయి కూడ లేదు. నేను చూసుకుంట కూసున్న. లేసేముందు ఆమె రెండు తొనలు నాకు కూడ ఇచ్చింది.

లోపల డాక్టరు ఆపరేషన్ గురించి చెప్పి, "ఇంకేమైనా అడగాలా?" అన్నడు. అదే మాట, అదే కుర్చీ. నేను మొదలుపెట్టిన. కారం తినొచ్చునా. బరువులు ఎత్తొచ్చునా. గద్దె మీద...

"ఆయన అడగాల్సింది గది కాదు సార్" అన్నది సువర్ణ. "ఆపరేషన్ అయినంక మేమిద్దరం మొగుడు పెండ్లాల లెక్క ఉండొచ్చునా, లేదా? సూటిగ చెప్పున్రి."

నేను గోడ మీది క్యాలెండరు దిక్కు చూసిన. డాక్టరు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకోని కూసోని, మెల్లగ, అర్థమయ్యేటట్టు చెప్పిండు. మీకు కోరిక తగ్గి ఉంటే, ఆ మాత్రల్లో ఒకటి కారణం కావచ్చు, కొందరికి అట్లా అవుతుంది. నెలల తరబడి నిద్ర లేకపోయినా, మనసులో భయం ఉన్నా అవుతుంది. ఆపరేషన్ తర్వాత పటుత్వం చాలామందికి ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది, కొందరికి తగ్గుతుంది, హామీ ఇవ్వలేను. కానీ వీర్యం బయటికి రాకుండా లోపలికి, మూత్రాశయంలోకి పోతుంది, తర్వాత మూత్రంతో పోతుంది. దానితో ప్రమాదం లేదు. కొన్ని వారాలు ఆగండి.

"గంతేనా? ఇప్పుడు మాకు పిల్లలేమన్న గావాల్నా" అన్నది సువర్ణ. అప్పుడు నవ్విండు డాక్టరు.

తర్వాత నా దిక్కు తిరిగి, "మీరు ఈ మాట మొదటి రోజే అడిగి ఉంటే మాత్ర మార్చి చూసేవాణ్ని" అన్నడు. "అందరూ దీని గురించే భయపడతారు. ఎవరూ అడగరు. నేను కూడా అడగాల్సింది."

ఆపరేషన్ అయినంక

ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత గులాబీ రంగు నీళ్లు. పైపు తీసినంక మంట. దగ్గితే కారుడు, నవ్వితే కారుడు. చిన్నపిల్లల లెక్క గుడ్డ కట్టుకునుడు. బట్టల దుకాణపాయనకు గుడ్డలకు తక్కువ లేదని సువర్ణ నవ్వించేది, నవ్వితే మళ్ల కారేది. ఇట్లనే ఉండిపోతనేమో అని గుబులు. అది మెల్లమెల్లగ ఆగింది. ఒకనాడు దుకాణం ఎనుక నిలబడితే ధార గోడకు తగిలి చప్పుడైంది. ఆ చప్పుడు చెవినిండ వింటు నిలబడ్డ.

అయినా నేను గుడ్డ తానుల పక్కనే పడుకుంటున్న. డాక్టరు వారాలు ఆగమన్నడు అనేది నా సాకు. సువర్ణ ఒకనాడు దుకాణం కట్టేసే యాళ్లకు వచ్చి, నా పరుపు ఒక దిక్కు పట్టుకోని, "ఆ దిక్కు పట్టు" అన్నది. ఇద్దరం మోసుకపోతుంటే మెట్ల మీది నుంచి కొడుకు చూసిండు.

"మరి దుకాణంల ఎవలు పండుకుంటరమ్మా? దొంగల భయం అంటడు గద బాపు."

"తాళమున్నది" అన్నది ఆమె.

ఇప్పుడు

మళ్ల చలికాలం వచ్చింది. లెక్క తేల్చి పెడుత.

దవాఖాన బిల్లు కట్టిన. అండ్ల కూడ జరంత తగ్గించుకున్న, దాచెటిదేమున్నది. సగం మిగిలిన లేహ్యం చెత్తకుప్పల పోసిన. మునుపటి మొగోడు మాత్రం పూర్తిగ తిరిగి రాలేదు. కొన్నిసార్లు అయితది, కొన్నిసార్లు కాదు. అయినప్పుడు కూడ డాక్టరు చెప్పినట్టే, బయటికి ఏమీ రాదు. తెలిసి కూడ మొదటిసారి గుండె జల్లుమన్నది, ఇప్పటికీ లోపల ఏదో తక్కువైనట్టు ఒక వెలితి. కానప్పుడు ఆమె ఆ పొద్దు గిరాకీల గొంతులు తీస్తది, నేను నవ్వుత. ఇప్పటికీ ఒకసారి లేస్తున్న. వచ్చి పడుకోంగనే ఆ రెండు మంచుగడ్డలు తెచ్చి నా పిక్కల మీద పెడుతది. "అబ్బా" అని అరుస్త. ఇవన్నీ నేను కట్టగలిగిన ధరలే, కొన్ని చౌకనే.

కట్టలేనిది ఒకటుండిపోయింది. సూటిగ ఒక్క మాట అడగక పోగొట్టుకున్నవి ఒక చలికాలం, ఒక ఎండకాలం, ఒక వానకాలం. ఆ దినాలల్ల ఆమె అద్దం చూసుకోలేదు. మా ఈడుల ఇంక ఎన్ని మిగిలినయో తెల్వదు కాబట్టి, ఇది చిన్న మొత్తం కాదు. ఎంత గుంజినా తగ్గలేదు. నష్టం కిందనే రాసుకున్న.